వాత కింది సుడి

జ్ఞానప్ప ప్రార్థన మొదలుపెట్టాడంటే వీధికంతా తెల్లవారినట్టే. ప్రొద్దుటూరు చివర, మైదుకూరు పోయే దారి పక్కన ఆయన ఇల్లు. ఇంటి ముందు ఎద్దుల కొట్టం. పులివెందుల, జమ్మలమడుగు సంతల్లో ఎద్దుల్ని కొని ప్రొద్దుటూరు సంతలో అమ్మడం ఆయన పని. కర్నూలు రాజధానిగా ఉన్న ఆ రోజుల్లో, ఆ చుట్టుపక్కల రైతులు వేరేవాళ్ల దగ్గర ఎద్దును కొనాలంటే కళ్లు నలుపుకుని చూసేవాళ్లు. జ్ఞానప్ప దగ్గరైతే కళ్లు మూసుకుని కొనేవాళ్లు.

"దేవా, నన్ను తూకంలో వేసి చూడు. నా నోట వంకర మాట రాలేదు. దొంగ బేరగాళ్ల పక్కన నేను కూర్చోలేదు. నిన్నే నమ్ముకున్నాను, కాలు జారలేదు."

బైబిలు కీర్తనలోని భావాన్ని ఆయన ఎప్పుడో తన మాటల్లోకి తెచ్చుకున్నాడు. అయితే ఆ గొంతులో వేడుకోలు ఉండేది కాదు. సంతలో సరుకు చూపించే ధీమా ఉండేది.

"మీ మామ దేవునికి సరుకు చూపిస్తాండాడు. కొనేదాకా వదల్డు," అంది భార్య రాహేలమ్మ సంగటి గెలుకుతూ.

కోడలు సుగుణమ్మ నవ్వలేదు. ఆమెకు నెలలు నిండుతున్నాయి. నిరుడు పుట్టిన మొదటి బిడ్డ పేరు పెట్టకముందే పోయింది. చేట ఒళ్లో పెట్టుకుని రాళ్లు ఏరుతున్నదన్న మాటే గానీ, ఆమె చూపంతా కొట్టం వైపే ఉంది.

ప్రార్థన ముగించి జ్ఞానప్ప కొట్టంలోకి వెళ్లాడు. పులివెందుల నుంచి రాత్రి చీకటి పడ్డాక వచ్చాడు గనుక లోపలికి తొంగిచూడలేదు. ఇప్పుడు చూస్తే తెల్లెద్దు ఒక్కటే నెమరు వేస్తోంది. పక్క గుంజ ఖాళీగా ఉంది.

"రత్నం! పుల్లెద్దు యాడరా?"

కొడుకు ఏసురత్నం నోట్లో వేపపుల్లతో బయటికి వచ్చాడు. "అమ్మేసినా నాయనా."

జ్ఞానప్పకు నమ్మకం కలగలేదు. ఎరుపు తిరిగిన గోధుమరంగు ఆ పుల్లెద్దు వీపు మీద, వెన్నుకు అటూ ఇటూ వెంట్రుకలు సుళ్లు తిరిగి ఉండేవి. దాన్ని పాడెసుడి అంటారు. అటువంటి ఎద్దు ఏ ఇంట అడుగుపెడితే ఆ ఇంట పాడె లేస్తుందని రైతుల నమ్మకం. కొమ్ము విరిగిన ఎద్దునైనా కొంటారు గానీ, పాడెసుడి ఉన్నదాన్ని ఊరికే ఇచ్చినా తోలుకుపోరు. జ్ఞానప్పకు ఆ నమ్మకం లేదు. అందుకే ఎవరూ కొనని ఎద్దును నిరుడు, కోడలికి మొదటి బిడ్డ పుట్టకముందే, తన ఇంటికి తెచ్చుకున్నాడు. ఎవరైనా అడిగితే మొదట సుడి చూపించి, తర్వాతే పళ్లు చూపించేవాడు. దాంతో అది కొట్టంలోనే ఉండిపోయింది.

"సుడి చూసినాంక గూడా కొన్నోడు ఎవడురా?"

ఏసురత్నం నోరు తెరిచేలోపే వాకిట్లో సైకిల్ గంట మోగింది. సంత దళారి నబీ రసూల్ నవ్వుకుంటూ దిగాడు.

"జ్ఞానప్పన్నా, నీ కొడుకు నిన్ను మించినోడు! నువ్వు ఊర్లో లేకపోయినా నీ పేరు లాక్కొచ్చి సంతలో నిలబెట్టినాడు. చాపాడు చెన్నకేశవులు పన్ను గూడా పట్టి చూడలే. 'ఇది జ్ఞానప్ప ఎద్దేనా' అన్న్యాడు. ఔనంటిమి. తువ్వాల కింద వేళ్లు పట్టుకుని రేటు చెప్పుకున్యాం, బేరమైపోయె. వీపు మీద ఆ వాతలేందని ఒక్కమాట అడిగినాడంతే."

"ఏం వాతలు?"

నబీ రసూల్ తండ్రిని చూశాడు, కొడుకును చూశాడు. నవ్వు మెల్లగా ఆరిపోయింది. "అదే అన్నా... నడుం పట్టుకునింటే ఇనుము కాల్చి పెట్టినారంట గదా? రత్నమే చెప్పినాడు. నాకేం తెల్సు? నేను తువ్వాల పట్టుకునేటోణ్ణి." సైకిల్ ఎక్కి, వచ్చినదానికంటే తొందరగా వెళ్లిపోయాడు.

జ్ఞానప్ప వచ్చి కొడుకు ఎదుట నిలబడ్డాడు. "సుడి మీద వాత పెట్టినావా?"

"పెట్టినా. ఏమైతాది? సుడీ గిడీ అంతా వట్టి మాటని ఈ ఇంట్లో పొద్దూమాపూ చెప్పేది నువ్వే గదా. లేనిదాన్ని దాచిపెడితే తప్పేంది?"

"లేనిదానికి వాత ఎందుకురా మరి?"

  ఏసురత్నం గొంతు పెంచాడు.

"నువ్వు నమ్మవు గదా! నువ్వు నమ్మనిదాన్ని ఆయప్పకు యాల చెప్పల్ల?"

"నేను నమ్మను. ఆయప్ప నమ్ముతాడు. కొనేది ఆయప్ప. నేను సంతలో అమ్మేది ఎద్దుల్ని అనుకున్నావా? వెంట్రుక పాయ తీసి చూడకుండా తోలుకుపోయే ధైర్యాన్ని అమ్ముతా. దాన్ని ఒక్క తూరి కల్తీ చేస్తే మళ్లా ఎవుడూ కొనడు. నాకు ముప్పై ఏండ్లు పట్టింది. నువ్వు ఒక్క పొద్దులో కాల్చి పారేసినావు."

"నీ ముప్పై ఏండ్లు! నాకేమొచ్చింది దాంతో? సంతలో నన్ను రత్నమని పిల్చినోడు ఒక్కడు లేడు. జ్ఞానప్ప కొడుకూ, జ్ఞానప్ప కొడుకూ! నీ పేరే పెట్టుబడి గదా, ఒక్క తూరి నేను వాడుకుంటే అరిగిపోయిందా?"

"అరగలేదురా. చచ్చింది. సంతలో సాటింపు ఎయ్యి, పో."

రాహేలమ్మ సంగటి తెడ్డుతోనే బయటికి వచ్చింది. "వీధంతా వినపడల్లనా ఏంది? పోయింది పోయింది. వాడు ఊరికే చేసినాడా? పుల్లెద్దు ఇంట్లో ఉన్నన్నాళ్లు ఒక్కరన్నా నిద్రపోయినారా? అరిసింది చాలు, తిందురాండి."

"తినేది కాదు. ఈ తెల్లెద్దును తోలుకుపోయి చెన్నకేశవులుకిచ్చి, పుల్లెద్దును తెస్తా."

"ఉన్న ఒక్క మంచి ఎద్దును ఇచ్చొస్తావా!" రాహేలమ్మ చేతిలోని తెడ్డు గాల్లోనే ఆగిపోయింది. "ఓరి దేవుడా! నీ నిజాయితీకి ఈ ఇంట్లో మేమందరమూ కూలోళ్లమే గదయ్యా. దుడ్లు నీవి, పుణ్యం నీది, పస్తు మాది!"

"దాన్ని మళ్లా ఈ ఇంటికి తేవద్దు మామా."

అందరూ వెనక్కి తిరిగి చూశారు. సుగుణమ్మ గడపలో నిలబడి ఉంది. మామ ముందు ఎన్నడూ గొంతు ఎత్తని మనిషి.

"అమ్మమన్నది నేను. వాత పెట్టమన్నదీ నేనే. ఆయన చెయ్యి వణికితే, ఎద్దు తల గుంజకు కట్టింది గూడా నేనే. తిట్టేదుంటే నన్ను తిట్టు."

"నువ్వా? ఆదివారం తప్పకుండా ప్రార్థనకు పోయేదానివి, సుడిని నమ్ముతావా?"

"నేనేం నమ్ముతానో నువ్వెప్పుడు అడిగినావు? నా బిడ్డ పోయిన పొద్దు, దేవుడిచ్చినాడు దేవుడు తీసుకున్యాడు అన్న్యావు. అని తువ్వాల దులుపుకుని సంతకు పోయినావు. నిన్ను అడిగినా మామా, కాళ్లు పట్టుకుని అడిగినా, ఆ ఎద్దును పంపించెయ్యమని. 'సుడి చెప్తే కొనరు, చెప్పకుండా నేను అమ్మను' అన్న్యావు. నీ మాట నిలబడింది. ఎద్దూ నిలబడింది, నేను పండుకునే గదికి ఎదురుగా. కడుపులో బిడ్డ కదిలినప్పుడల్లా నేను దాని వీపే చూస్తాంటి. నీ సత్యం బతకల్ల, నా బిడ్డ చావల్లనా?"

జ్ఞానప్ప ముఖం గట్టిపడింది. బేరంలో ఎదుటివాడు అన్యాయమైన మాట అన్నాడనుకుంటే ఆయన ముఖం అట్లాగే అయ్యేది. "ఎద్దు బిడ్డను చంపదు. భయపడేదానికి ఇంకొకరి ఇంటిని బలి పెట్టకూడదు. పోయి తెస్తా."

"అట్లయితే నన్నూ బండెక్కించు. దారి మైదుకూరుకే గదా. మా అమ్మోళ్ల ఇంట్లో దించు. ఆ ఎద్దున్న ఇంటికి నేను రాను."

ఏసురత్నం ఆపబోయాడు. ఆమె అతని చెయ్యి విదిలించింది. "నువ్వు రా అయితే. వచ్చి చెప్పు, నేనే చేసినానని. రావు గదా? అడ్డం లెయ్యి."

ఏసురత్నం అడ్డం తొలగాడు. వాళ్లతో కూడా రాలేదు.

ఒంటెద్దు బండి ప్రొద్దుటూరు దాటింది. తెల్లెద్దు మంచి నడక నడుస్తోంది. వెనక సుగుణమ్మ గుడ్డల మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.  జ్ఞానప్ప మనసులో లెక్క వేసుకున్నాడు. తెల్లెద్దు పోతుంది, కోడలు పోతుంది, కొడుకు మాట్లాడడు, భార్య మాట్లాడడం మానదు. ఎట్లా తిప్పి చూసినా నష్టమే. అయినా తాను చేస్తున్నది సరైన పని అన్న ధీమా మాత్రం తగ్గలేదు. ఆ ధీమాతోనే ఎద్దును అదిలించాడు.

చాపాడు చెన్నకేశవులు గొర్రెలు మేపే ఇంట పుట్టినవాడు. కాలువ నీళ్లు అందాక మడి చేసుకుని, ఇప్పుడే సేద్యంలో నిలదొక్కుకుంటున్నాడు. పుల్లెద్దుకు కొమ్ములకు పసుపు పూసి, మెడలో కొత్త గంట కట్టి, వాకిట్లోనే కట్టేసుకున్నాడు. జ్ఞానప్పను చూడగానే ఎదురొచ్చాడు.

"ఏందప్పా జ్ఞానప్పా, ఇంత ఎండలో! ఎద్దు బాగుండాదా లేదా అని చూడొచ్చినావా? నీ ఎద్దుకేం, బంగారం!"

జ్ఞానప్ప బండి దిగి, తన కులపోళ్లను లోపలికి రానివ్వని వాళ్ల అలవాటు తెలిసినవాడు గనుక దొడ్డి బయటే నిలబడ్డాడు. చుట్టూ తిప్పకుండా చెప్పాడు.

"బంగారం కాదు చెన్నకేశవులూ. ఆ వాతలు నడుం నొప్పికి పెట్టినవి కావు. కింద పాడెసుడి ఉండాది. చెప్పకుండా అమ్మినారు. నా తెల్లెద్దును తెచ్చినా. దీన్నిచ్చి దాన్ని తోలుకుపోతా."

చెన్నకేశవులుకు మాట అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఒక్క అంగలో వచ్చి జ్ఞానప్ప భుజం మీది తువ్వాలను పిడికిట పట్టుకున్నాడు.

"పాడెసుడా! నా ఇంట్లో పాడె లేపుదామనుకున్నావా? నిన్ను చూసి గదరా నేను కళ్లు మూసుకున్నేది! నీతిమంతుడంట, ప్రార్థనంట! థూ! ఇంతకన్నా దొంగోడే మేలు, వాడు రాత్రిపూట వస్తాడు!"

ఇరుగుపొరుగు గుమిగూడారు. "కొట్టండ్రా వాణ్ణి," అని ఎవరో వెనకనుంచి అన్నారు.

"వాత పెట్టిందెవుడు? నువ్వా, నీ కొడుకా? చెప్పు!"

జ్ఞానప్ప నోరు తెరిచాడు. మాట రాలేదు. నేను కాదంటే నిజమే, కానీ ఆ నిజం కొడుకును గుంపులోకి తోస్తుంది. నేనే అంటే అబద్ధం. ఎప్పుడూ తడుముకోని నోరు మొదటిసారి తడుముకుంది. "నా ఇంట్లో జరిగింది. అడగాల్సింది నన్నే," అన్నాడు చివరికి.

ఆ గొడవకు చెన్నకేశవులు భార్య తిరుపాలమ్మ గుడిసెలోంచి బయటికి వచ్చింది. నిండు చూలాలు. "ఏంది, ఏమైంది?" అని అడిగింది. ఎవరో చెప్పారు. ఆమె చెయ్యి తనకు తెలియకుండానే కడుపు మీదికి పోయింది. కళ్లు పుల్లెద్దు వీపు మీద నిలిచిపోయాయి. ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తూ గోడకు ఆనుకుంది.

బండి మీదనుంచి సుగుణమ్మ ఆమెనే చూస్తోంది. ఆ చెయ్యి అక్కడికెందుకు పోయిందో, ఆ కళ్లు అక్కడెందుకు నిలిచాయో ఆ గుంపులో తెలిసినది ఆమె ఒక్కతే. తన గదిలోంచి తోలేసిన భయం పోలేదు. ఇల్లు మారిందంతే.

ఆమె బండి దిగింది. గుంపు దారి ఇచ్చింది.

"ఆయప్పను వదులన్నా. ఆయప్పకేమీ తెల్దు. సుడి కనపడకుండా చేయమన్నది నేను." తర్వాత తిరుపాలమ్మ వైపు తిరిగింది. "నా బిడ్డ పోయిందక్కా నిరుడు. ఆ ఎద్దును తోలేస్తే ఈ బిడ్డ బతుకుతాదనుకుంటి. అది యాడికి పోతాదో అనుకోలే. నువ్వుంటావని అనుకోలే."

"అనుకోలేదా?" తిరుపాలమ్మ గోడ వదిలి ముందుకు వచ్చింది. "నీ బిడ్డ బతకల్లని నా బిడ్డకు పాడె కట్టి పంపినావా? నువ్వూ కడుపుతోనే ఉండావు గదే! నీకు చేతులెట్ల వచ్చెనే?"

వంగి రెండు చేతులా దుమ్మెత్తి పోసింది. సుగుణమ్మ కదల్లేదు, కొంగు అడ్డం పెట్టుకోలేదు. మళ్లీ దుమ్మెత్తేసరికి జ్ఞానప్ప అడ్డం వచ్చి నిలబడ్డాడు. ఆ దుమ్మంతా ఆయన నెరిసిన తల మీద పడింది.

"పొయ్యమ్మా. నా మీద పొయ్యి. ఆ పిల్ల నన్ను కాళ్లు పట్టుకుని అడిగింది. అప్పుడు నేను విననందుకే ఇదంతా."

తిరుపాలమ్మ చేతులు కిందికి దిగిపోయాయి. గోడకు చేరగిలబడి ఏడ్చింది. ఆడవాళ్లు ఆమెను లోపలికి తీసుకుపోయారు. క్షమించానని ఆమె అనలేదు. ఎవరూ అడగలేదు కూడా.

చెన్నకేశవులు పుల్లెద్దు పలుపు విప్పి నేల మీద పడేశాడు. తర్వాత తెల్లెద్దు దగ్గరికి వెళ్లి దాని ఒళ్లంతా వెతకడం మొదలుపెట్టాడు. కొమ్ముల సందున, చెవుల వెనక, మూపురం కింద, తోక మొదట్లో ఒక్కొక్క పాయే తీసి, ఊది ఊది చూశాడు. పక్కవాణ్ణి పిలిచి మళ్లీ చూపించాడు. ముప్పై ఏళ్లలో జ్ఞానప్ప ఎద్దుకు ఎవరూ పాయ తీసి చూడలేదు. ఆయన ఎండలో నిలబడి అదంతా చూశాడు. తెల్లెద్దు పోవడం నష్టమే, కానీ ఎద్దు పోతే ఇంకో ఎద్దును కొనవచ్చు. ఈ పోయిన నమ్మకం ఏ సంతలోనూ దొరకదు.

"పోండి. మళ్లా ఈ పక్కకు రావద్దు," అన్నాడు చెన్నకేశవులు.

జ్ఞానప్ప పుల్లెద్దును బండికి కట్టి ఊరి బయటికి తోలాడు. సుగుణమ్మ బండి ఎక్కకుండా వెనక నడుస్తూ వచ్చింది. పెద్ద దారి మీదికి రాగానే ఆయన బండి ఆపాడు. ఇటు మైదుకూరు, అటు ప్రొద్దుటూరు.

"ఎక్కమ్మా. దీని బండి ఎక్కలేనంటే చెప్పు, బస్సు వచ్చేదాకా నీతో ఈడే నిలబడతా. మైదుకూరుకు పోవద్దని నేను చెప్పను."

సుగుణమ్మ దుమ్ము పట్టిన ముఖంతో ఆయన వైపు చూసింది. "నీకు ఎప్పుడూ భయం కాలేదా మామా? ఒక్క తూరన్నా?"

జ్ఞానప్ప పుల్లెద్దు వైపు చూశాడు. అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాదు. కానీ ఈ నిజం ఎప్పుడూ బయటికి తీసింది కాదు.

"అయింది. బిడ్డను మన్ను చేసి వచ్చిన పొద్దు, మొదట నా కన్ను పోయింది దీని వీపు మీదికే. ఇదేనేమో అనుకుంటి. ఒక్క గడియే. సిగ్గుపడి ప్రార్థన చేసినా, గట్టిగా, నలుగురికీ వినపడేటట్టు. వాడు ఇనుముతో వాత పెట్టినాడు, నేను కీర్తనతో పెట్టినా. నాకు భయం లేదన్నట్ల తిరిగితి. నాకూ భయమైందమ్మా అని ఆ పొద్దు ఒక్క మాట నీకు చెప్పింటే, నువ్వు ఒక్కదానివే గదిలో దాని వీపు చూస్తా కూర్చునుండవు గదా."

 తువ్వాల కోసం భుజం తడుముకున్నాడు. అది చాపాడులోనే పడిపోయింది. చేత్తోనే కళ్లు తుడుచుకున్నాడు.

ముసలాయన ఏడవడం సుగుణమ్మ ఎప్పుడూ చూడలేదు. ఆమెకూ ఏడుపు ఆగలేదు. దారిన పోయే గడ్డిబండి మనిషి ఒకడు తిరిగి చూసి వెళ్లిపోయాడు.

"నమ్మకమున్నోళ్లకు భయముండకూడదు అనుకుంటి మామా. నాకు నమ్మకం లేదేమో అనుకుంటి."

"రెండూ ఒకే కొట్టంలో ఉంటాయి తల్లీ. నాకూ ఈ పొద్దే తెలిసింది. నువ్వు కాన్పయ్యి నీళ్లాడేదాకా దీన్ని ఊరి బయట కట్టేసి, నేను ఆడే పండుకుంటా. చెప్పు, అట్లే చేస్తా."

సుగుణమ్మ మైదుకూరు దారి వైపు చూసింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. మెల్లగా బండి ఎక్కి కూర్చుంది.

"ప్రొద్దుటూరుకే తోలు. భయంగానే ఉండాది. ఉండనీ. ఇంటికాడే కట్టు. దాన్ని ఇంకొకరి ఇంటికి తోలేది మాత్రం వద్దు."

పొద్దు వాలేవేళకు బండి ఇంటి ముందు ఆగింది. ఏసురత్నం గడపలోనే కూర్చుని ఉన్నాడు. పొద్దుటినుంచి ఏమీ తినలేదని ముఖమే చెబుతోంది. ముందు పుల్లెద్దును చూశాడు. వెనక, రాదనుకున్న భార్య బండి దిగుతుంటే చూశాడు. తండ్రి తల మీది దుమ్ము చూశాడు.

"చాపాడులో నా పేరు నేను చెప్పినా," అంది సుగుణమ్మ. "వచ్చే సంతలో నీ పేరు నువ్వు చెప్పుకో. జ్ఞానప్ప కొడుకు చేసినాడని కాదు, రత్నం చేసినాడని చెప్పు."

ఏసురత్నం లేచి తండ్రి దగ్గరికి వచ్చాడు. ఏదో అనబోయి ఆ దుమ్ము దులపసాగాడు. దులుపుతూ దులుపుతూ ఆ భుజం మీదే తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు. "నువ్వు కొట్టు నాయనా. కొట్టు."

"కొట్టేవాళ్లు సంతలో ఉంటార్లే. నేను పక్కన నిలబడతా," అన్నాడు జ్ఞానప్ప.

"నిలబడండి, బాగా నిలబడండి!" రాహేలమ్మ గొంతు లోపలినుంచి వినిపించింది. కళ్లు ఒత్తుకుంటూనే అరుస్తోంది. "ఉన్న మంచెద్దును ఇచ్చొచ్చి, ఇప్పుడు తండ్రీ కొడుకులు కావలించుకుని నిలబడండి. ఆ మూగజీవం పొద్దుటినుంచి నడిచింది. దానికి మేత వేసే దిక్కు గూడా లేదా ఈ ఇంట్లో?"

జ్ఞానప్ప ఎద్దును విప్పి కొట్టంలో పాత గుంజకే కట్టేశాడు. మేత వేయడానికి ఏసురత్నం కదలబోయాడు. సుగుణమ్మ అతన్ని ఆగమంది. వామి దగ్గరికి వెళ్లి ఒక మోపు చొప్ప చంకన పెట్టుకుంది. ఆ ఎద్దు ఇంటికి వచ్చిన నాటినుంచి ఆమె దానికి ఒక్క పోచ వేసింది లేదు. కొట్టం గుమ్మంలో ఒక్క క్షణం ఆగింది.  కాలిన ఆ వీపు పక్కగా నడిచి వెళ్లి మేత వేసింది.